ముక్కెత్తితేనే నెమ్మది!

కిందికి దిగే విమానం ముక్కు పైకెందుకు ఎత్తుతుంది? వేగం తగ్గేకొద్దీ ఇంకా ఇంకా ఎందుకు ఎత్తుతుంది? ఎంతవరకూ ఎత్తొచ్చు? పెద్ద విమానాల్లో ఈ లెక్కలన్నీ ఇంజినీర్లు చూసుకుంటారు. ఇంట్లోనే సొంతంగా బుల్లి విమానం తయారు చేసుకునేవాళ్లు మాత్రం ఆ లెక్క తామే కట్టుకోవాలి. తప్పితే మూల్యం ప్రాణమే.

మిర్చి టిక్కీల లారీలు, పత్తి బోరేల లారీలు బారులు తీరే దారి అది. గుంటూరు దాటి ఒంగోలు వైపు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి. అద్దంకికి దగ్గర్లో, కొరిశపాడు- రేణింగవరం మధ్య ఆ రోడ్డు ఉన్నట్టుండి వెడల్పయిపోతుంది. మధ్యలో డివైడరు ఉండదు. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పరిచి ఉంటుంది. యుద్ధమో తుపానో వస్తే విమానాలు దిగడానికి కట్టిన అత్యవసర రన్‌వే అది. 2022 డిసెంబరు 29న వాయుసేన అక్కడ తొలి ప్రయోగం చేసింది. 2024 మార్చి 18న మళ్లీ వచ్చినప్పుడు సుఖోయ్-30, హాక్ యుద్ధవిమానాలు కిందిదాకా వచ్చి దిగకుండానే పైకి లేచిపోయాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు మాత్రం రోడ్డు మీద దిగి మళ్లీ ఎగిరాయి.

ఇక్కడనే కాదు, ఏ విమానాశ్రయం గోడ దగ్గర నిలబడి చూసినా ఒక విచిత్రం కనిపిస్తుంది. వస్తున్నది కిందికి. చూస్తున్నది పైకి! చక్రాలు నేలకు తాకే ముందైతే ముక్కు ఇంకాస్త లేస్తుంది. 'దిగాలంటే ముక్కు దించాలి కదా' అన్నది మామూలు బుద్ధికి తట్టే మాట. అదెందుకు కాదో తెలియాలంటే బస్సు ప్రయాణం గుర్తు తెచ్చుకోవాలి.

కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి కండక్టరు చేత తిట్లు తినని బాల్యం ఉండదు. అరచేతిని నేలకు సమాంతరంగా పెడితే గాలి పక్కనుంచి జారిపోతుంది. బొటనవేలి వైపు కొద్దిగా ఎత్తితే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. రెక్క చేసే పనీ అదే. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య ఉండే ఆ వాలు ఎంత పెరిగితే అంతగా పైకి లేపే బలం, అదే లిఫ్టు, పెరుగుతుంది. బస్సు జోరుగా వెళుతుంటే కొంచెం వాలు చాలు. నెమ్మదిస్తే? అదే చెయ్యి అదే ఎత్తులో నిలవాలంటే ఇంకా ఎత్తి పట్టుకోవాలి.

లిఫ్టు వేగంతోపాటు పెరగడం కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. చిక్కంతా అక్కడే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే బుల్లి విమానం 100కు తగ్గిందంటే, అదే వాలులో ఉన్న రెక్కకు లిఫ్టు సగం కాదు... పావు వంతే దొరుకుతుంది. బరువు మాత్రం తగ్గదు కదా! అందుకని రెక్క వాలును నాలుగు రెట్లు చేయాలి. లిఫ్టు సున్నా అయ్యే స్థితి నుంచి కొలిస్తే మూడున్నర డిగ్రీలతో సాఫీగా సాగిన రెక్క 14 డిగ్రీలకు లేవాల్సిందే. రెక్క లేవాలంటే విమానం మొత్తం ముక్కెత్తాలి.

అలా ఎంతవరకు? మామూలు రెక్కకు సుమారు 15, 16 డిగ్రీల దాకా. అది దాటితే పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి ఊడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్టు ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే పైలట్లు 'స్టాల్' అంటారు. స్కూటరు ఆగిపోయినట్టు ఇంజిను ఆగిపోవడం కాదిది. ఇంజిను భేషుగ్గా తిరుగుతూనే ఉంటుంది. పని మానేసేది రెక్క!

ఉప్పలపాడు పాఠం

ఈ విద్యలో ఆరితేరినవాళ్లు గుంటూరుకు కూతవేటు దూరంలోనే ఉన్నారు. ఉప్పలపాడు చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులూ కొంగలే వాళ్లు. ఐదారు కిలోల గూడబాతు గాల్లో తేలుతూ వచ్చి, ఊగే కొమ్మ మీద వాలడం ఓపిగ్గా చూడండి. కొమ్మ దగ్గరయ్యేసరికి ఒళ్లంతా నిలువుగా లేస్తుంది, రెక్కలు వెడల్పుగా విచ్చుకుంటాయి, తోక విసనకర్రలా పరుచుకుంటుంది. వేగం దాదాపు చచ్చిపోయాక కాళ్లు కొమ్మను అందుకుంటాయి. అదే సమయంలో రెక్క ముందంచున, మన బొటనవేలు ఉండేచోట, చిన్న ఈకల గుత్తి ఒకటి విడిగా పైకి లేస్తుంది. దానికీ రెక్కకూ మధ్య సందులోంచి దూసుకెళ్లే గాలి, రెక్క పైనుంచి ఊడిపోబోయే గాలిని మళ్లీ అంటిస్తుంది. రెక్క ఇంకొన్ని డిగ్రీలు ఓర్చుకుంటుంది.

మనిషి విమానం రెక్కకు పెట్టుకున్న ఇలాంటి ఏర్పాటు పేరు 'స్లాట్'. ఇంట్లో కట్టుకునే విమానాల్లో బాగా పేరున్న జెనిత్ సీహెచ్-701 రెక్క ముందంచు పొడవునా ఈ స్లాట్లు బిగించే ఉంటాయి. 1980ల్లో క్రిస్ హైంజ్ డిజైన్ చేసిన ఆ రెండు సీట్ల విమానం గంటకు 50 కిలోమీటర్ల వేగంలోనూ గాల్లో నిలుస్తుంది. మన ఎర్రబస్సు వేగమన్నమాట! కాకపోతే అంత నెమ్మదిగా పోతున్నప్పుడు పైలట్‌కు ఎదురుగా కనిపించేది ఆకాశమే. దిగాల్సిన నేల ముక్కు చాటున ఉండిపోతుంది. ఇదే తలనొప్పి పెద్దవాళ్లకూ తప్పలేదు. త్రికోణపు రెక్కల కాంకార్డ్ దిగేటప్పుడు బాగా ముక్కెత్తాల్సి వచ్చేది. పైలట్లకు రన్‌వే కనపడదని ఏకంగా ముక్కు వరకు కిందికి వంగే ఏర్పాటు చేశారు!

కాళ్లు ఎంత పొడవుండాలి?

సొంత విమానం తయారీ మనకు కొత్తగానీ అమెరికాలో పాత ముచ్చటే. 1953లో పుట్టిన ఈఏఏ అనే సంఘం ఏటా ఆష్‌కోష్‌లో జరిపే జాతరకు చాలామంది సొంతంగా కట్టుకున్న విమానాల్లో వస్తారు. మనదేశంలో ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో 'మేకిన్ ఇండియా' ప్రదర్శనకు పెట్టారు. దాన్ని ఎగరేయడానికి డీజీసీఏ అనుమతి వచ్చేసరికి 2019 అయింది. ఈ జాప్యం చూసి విసుక్కునేవాళ్లున్నారు. కానీ అనుమతి లేకుండా ఎగరేస్తే నేరమేకాదు, కింద ఉన్నవాళ్ల ప్రాణాలతోనూ ఆటే.

ఇంతకీ సొంతంగా కట్టేవాళ్లకు ముక్కు కోణం ఎక్కడ అడ్డం పడుతుంది? అందరూ ఇంజిను గురించీ రెక్కల గురించీ ఆలోచిస్తారు. అసలు గండం కాళ్ల దగ్గర ఉంటుంది, అంటే చక్రాల స్టాండు దగ్గర. రెండు పెద్ద చక్రాలు ముందు, బుల్లి చక్రం తోక కింద ఉండే రకం విమానాన్ని తీసుకోండి. నేల మీద నిలబడినప్పుడే అది ముక్కెత్తి ఉంటుంది. ఆ కోణం ఎంతన్నదే ప్రశ్న. రెక్కను ఒంటికి 3 డిగ్రీల వాలులో బిగించారు, ఆ రెక్క 15 డిగ్రీల దగ్గర స్టాల్ అవుతుంది అనుకుందాం. మూడు చక్రాలూ ఒకేసారి నేలకు తాకేలా, వీలైనంత నెమ్మదిగా దిగాలంటే విమానం 12 డిగ్రీల దాకా ముక్కెత్తగలగాలి. తయారుచేసినాయన అందం కోసమో బరువు తగ్గుతుందనో కాళ్లు పొట్టిగా పెట్టి దాన్ని 8 డిగ్రీలకే నిలబెట్టాడనుకోండి. ఇంకా ముక్కెత్తబోతే తోక ముందే నేలకు కొట్టుకుంటుంది. రెక్క సత్తా మొత్తం వాడుకోకుండానే దిగాలి. లెక్క కడితే దిగే వేగం ఏడో వంతు పెరుగుతుంది. ఆగడానికి కావాల్సిన దూరం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. నాలుగు కిలోమీటర్ల హైవే ఉంటే ఫర్వాలేదు, చేను గట్టు దాకా ఉన్న చిన్న మైదానంలో అయితే విమానం గట్టెక్కేస్తుంది!

పోనీ కాళ్లు పెంచుదామా అంటే అదీ తేలిక కాదు. ముందు చక్రాలకూ తోక చక్రానికీ మధ్య నాలుగు మీటర్లుంటే ఒక్క డిగ్రీ ముక్కెత్తడానికి కాళ్లు 7 సెంటీమీటర్లు పెరగాలి. నాలుగు డిగ్రీలకు 28. అంత పొడుగు కాళ్లు బరువు, గాలికి అడ్డు, గట్టిగా తాకితే వంగుతాయి. రెక్క వెనకంచున ఉండే ఫ్లాపులు ఇక్కడే అక్కరకొస్తాయి. వాటిని దించితే ముక్కు మరీ ఎత్తకుండానే అంత లిఫ్టూ దొరుకుతుంది. రన్‌వే కూడా కళ్లకు కనపడుతుంది.

కళ్లకు కట్టే గంతలు

అసలు ప్రమాదం మాత్రం ఇది కాదు. 'ముక్కు ఎక్కువ ఎత్తితేనే కదా స్టాల్, నేను ఎత్తలేదుగా' అనుకోవడం! రెక్క చూసేది ముక్కు ఆకాశం వైపు ఎంత లేచిందన్నది కాదు, గాలి ఎటునుంచి వస్తోందన్నది. ఇందాకటి విమానమే తీసుకోండి. ఇంజిను బలంతో తిన్నగా పోతున్నంతసేపూ 12 డిగ్రీలు ఎత్తేదాకా ఢోకా లేదు. ఇంజిను ఆగి 7 డిగ్రీల ఏటవాలులో కిందికి జారుతోందనుకోండి, గాలి ఆ 7 డిగ్రీల కింద నుంచి వస్తుంది. అప్పుడు ముక్కును 5 డిగ్రీలు ఎత్తితే చాలు, స్టాల్. 15 డిగ్రీల వాలున పడుతుంటే? ముక్కు 3 డిగ్రీలు నేల వైపే చూస్తున్నా స్టాలే! నేల దగ్గరవుతోందన్న భయంతో చెయ్యి స్టిక్కును వెనక్కి లాగుతుంది. బతకాలంటే చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం, స్టిక్కును ముందుకు తోసి ముక్కు దించడం. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్‌ఫ్రాన్స్ 447లో అనుభవమున్న పైలట్లు ఉండీ ఈ పొరపాటు జరిగింది. స్టాల్ అవుతున్నా ముక్కెత్తే పట్టుకున్నారు. 228 మంది చనిపోయారు.

మలుపు తిరిగేటప్పుడు ఇంకో మెలిక. 45 డిగ్రీలు పక్కకు వాలి తిరిగితే స్టాల్ అయ్యే వేగం 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలైతే 41 శాతం. 80 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం ఆ మలుపులో 113 దగ్గరే అయిపోతుంది. రన్‌వే దాటిపోతున్నామన్న తొందరలో చివరి మలుపును బిగించి తిప్పే సొంత విమానాలవాళ్లు బలయ్యేది ఇక్కడే. తక్కువ ఎత్తులో పొలం కొసదాకా వెళ్లి చటుక్కున తిరిగే పురుగుమందుల విమానాలకూ ఇదే గండం. అలాంటి పనికోసమే హెచ్‌ఏఎల్ 'బసంత్' అనే విమానాన్ని తయారుచేసి 1972లో ఎగరేసింది. ఇప్పుడు మిర్చి చేల మీద మందు కొట్టే డ్రోన్లకు ఈ బాధ లేదు. వాటికి రెక్కల్లేవు కాబట్టి స్టాలూ లేదు. ముందుకు పోవాలంటే అవి ముక్కు దించుతాయి!

ముందు రెక్క మహిమ

మనిషి భయం రెక్క డిజైన్‌ను ఎలా మార్చిందో చూడండి. జర్మనీలో సొంతంగా గ్లైడర్లు కట్టుకుని కొండల మీంచి ఎగిరిన ఒట్టో లిలియెన్‌తాల్ 1896 ఆగస్టులో ఇలాగే స్టాల్ అయి పడి మరణించాడు. ఆ వార్త రైట్ సోదరులను వెంటాడింది. తోకను ముందుకు తెచ్చి పెట్టడానికి అదీ ఒక కారణం. ఏడు దశాబ్దాల తర్వాత అమెరికన్ డిజైనర్ బర్ట్ రూటాన్ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. 1975లో ఆయన తెచ్చిన 'వేరీ ఈజీ' విమానానికి ముందు బుల్లి రెక్క, వెనక పెద్ద రెక్క. ఎంత ముక్కెత్తినా ముందు రెక్కే ముందుగా స్టాల్ అయ్యేలా అమర్చాడు. అది పట్టు వదలగానే ముక్కు దానంతటదే వంగుతుంది. పెద్ద రెక్కకు ఆపదే రాదు. స్టిక్కును పూర్తిగా లాగి పట్టుకుంటే ముక్కు తల ఊపుతున్నట్టు మెల్లగా లేచి వంగుతుందంతే. నురుగు దిమ్మెలు, ఫైబర్‌గ్లాసుతో గ్యారేజీల్లో వేలమంది మొదలుపెట్టిన డిజైన్లివి. దీనికీ వెల ఉంది. పెద్ద రెక్క సత్తాను ఎప్పుడూ పూర్తిగా వాడుకోదు కాబట్టి వేగంగా దిగాలి, పొడవాటి రన్‌వే కావాలి.

రూటాన్ స్థాపించిన స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ డిజైన్ నుంచి వచ్చిందే వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌక. 2021 జులై 11న తెనాలి మూలాలున్న బండ్ల శిరీష అంతరిక్షపు అంచుకు వెళ్లొచ్చింది అందులోనే. తిరిగొచ్చేటప్పుడు అది తోకను పైకి మడిచి, పొట్టను గాలికి అడ్డుపెట్టి, బ్యాడ్మింటన్ కాక్‌లా జారేది. కిందికొచ్చాక తోకను మళ్లీ సరిచేసుకుని విమానంలా దిగేది.

రసమట్టంతో పరీక్ష

ఇంట్లో కట్టిన విమానం సురక్షితమని కాగితం మీది లెక్కలతో తేలదు. అమెరికాలో మామూలుగా తొలి 25 నుంచి 40 గంటలు ప్రయాణికులెవరూ లేకుండా పరీక్షగా ఎగరాలి. అందులో ముఖ్యమైన పని ఈ నెమ్మది నడకే. స్టాల్ అయినా తేరుకోవడానికి సరిపడా ఎత్తుకు వెళతారు. అక్కడ వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఒక్కో వేగానికి ముక్కు ఎన్ని డిగ్రీలు లేచిందో రాసుకుంటారు. డిగ్రీలు చూపే రసమట్టం చాలు దానికి. ఫ్లాపులు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి. ఇంజిను బలంతో ఒకసారి, బలం తీసేసి ఒకసారి. రెక్క పైన వరసగా జానెడేసి దారపు పోగులు అంటించి కెమెరా పెడతారు. గాలి అంటిపెట్టుకున్నంతసేపూ పోగులన్నీ తిన్నగా వెనక్కి పడుకుంటాయి. ఊడిపోవడం మొదలవగానే చిందులేస్తాయి. ముందుగా ఒంటి దగ్గరి పోగులు చిందులేస్తే మంచిది. రెక్క కొసవి మొదలుపెడితే విమానం ఒక పక్కకు ఒరిగి గింగిరాలు కొడుతుంది. అలాంటి రెక్కను విప్పి, కొసలను కిందికి మెలిపెట్టి మళ్లీ బిగించాల్సిందే.