దూరాన ఆపద వస్తే ఊరి సంఘం ఏం చేయాలి?

ఒంగోలు: ఎక్కడో భూకంపం వచ్చిందనో, కొండ విరిగి ఊళ్లమీద పడిందనో వార్త రాగానే ఆ ఆదివారం గ్రామాల చర్చిలలో ప్రార్థన జరుగుతుంది. కానుకల సంచి రెండోసారి తిరుగుతుంది. కొన్నిచోట్ల పాత బట్టలు మూటకడతారు. ఈ సహాయం బాధితులకు ఏ రూపంలో అందితే మేలు, అందినట్లు రుజువేమిటి అన్నది సంఘాలు ఆలోచించవలసిన విషయం.

ప్రకాశం జిల్లా క్రైస్తవులకు ఇది కొత్త సంగతి కాదు. ఒకప్పుడు చేయి చాచింది ఈ ప్రాంతమే. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజల కోసం లండనులో చందాలు వసూలయ్యాయి. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపి కూలి ఇచ్చారు. సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. ఆ పని ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు 10,000 మందిని బలిగొన్నప్పుడూ అంతే. ప్రొటెస్టెంటు, ఆర్థొడాక్స్ చర్చిల సహాయ సంస్థ 'కాసా' కోస్తాలో తుపాను షెల్టర్లు కట్టించింది. వాటిలో తలదాచుకునేవారిని మతం అడిగేవారు లేరు.

పాత గుడ్డల గుట్టలు

2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాటి ఆదివారం. సునామీ తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో 6,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. తెలుగు యాత్రికులకూ తెలిసిన వేళాంగణి అందులోనిదే. దేశం నలుమూలల నుంచి లారీల్లో పాత బట్టలు వచ్చిపడ్డాయి. ఇతరులు విడిచిన బట్టలు కట్టుకోవడానికి మత్స్యకారులు ఇష్టపడలేదు. అవి రోడ్ల పక్కన గుట్టలుగా మిగిలాయి. సర్వం పోయినవారికి కూడా అభిమానం మిగిలే ఉంటుంది.

లారీ కిరాయికి పెట్టే సొమ్మును నేరుగా పంపితే బాధితులకు కావలసిన సరుకు అక్కడి బజారులోనే దొరుకుతుంది. అక్కడి చిన్న వ్యాపారీ నిలదొక్కుకుంటాడు.

లెక్క ముఖ్యం

ఈ సమస్య తొలి సంఘాలకూ ఎదురైంది. యూదయలో కరువు వచ్చినప్పుడు అంతియొకయ సంఘస్థులు ఎవరి శక్తికొద్దీ వారు సొమ్ము పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపారు. తరువాత కొరింథులో చందా కూడబెట్టినప్పుడు, నింద రాకుండా నమ్మకస్థులైన మనుషులను వెంట పంపే ఏర్పాటు పౌలు చేశాడు.

నేటి గ్రామ సంఘాలకూ అదే దారి. చందా దేనికో ముందే ప్రకటించాలి. పాస్టరుగారు ఒక్కరే కాక, స్త్రీల సమాజం నుంచి ఒకరితో సహా ముగ్గురు అందరి ఎదుట లెక్కించాలి. సొమ్మును ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సహాయ నిధికి గాని, కాసాకు గాని, కథోలికులైతే కారితాస్ ఇండియాకు గాని పంపి, రసీదును సంఘంలో చదివి వినిపించాలి. విపత్తుల వేళ దొంగ ఖాతాలూ పుట్టుకొస్తున్నందున ఫోనులో వచ్చే ప్రతి క్యూఆర్ కోడునూ నమ్మరాదు.

ఒక్క ఆదివారంతో తీరదు

2024 జూలై 30న కేరళలోని వయనాడులో ముండక్కై, చూరల్‌మల గ్రామాలను కొండచరియలు తుడిచిపెట్టాయి. మొదటి వారంలో అన్నం పెట్టే చేతులు చాలానే ఉంటాయి. ఇల్లు కట్టుకునే నాటికి, పిల్లలను మళ్లీ బడికి పంపే నాటికి పత్రికలలో వార్త ఉండదు. అసలు కష్టం అప్పుడే.

అందుకే ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వలేని సంఘం ఏడాదిపాటు కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చు. పిడికెడు బియ్యం కానుకలో ఒక వంతు, కోత పండుగనాడు వేలం వేసే కోళ్లు, గుమ్మడికాయల డబ్బులో ఒక వంతు కేటాయించినా చాలు. పంచాయతీ పెద్దలను, ఇతర మతస్థులను కలుపుకుంటే ఊరంతటి సహాయమవుతుంది.

సంచిలో పడే పది రూపాయలు ఒక కూలి మనిషి ఎండలో సంపాదించినవి. అవి చేరవలసిన చోటికి చేరాయని ఆమెకు చెప్పవలసిన బాధ్యత సంఘ పెద్దలదే. ఆ మాట చెప్పగలిగిన సంఘంలో మరుసటి విపత్తుకు సంచి ఖాళీగా తిరిగిరాదు.