స్నేహం ముంజేతి దారం కాదు

ఆగస్టు మాసపు మొదటి ఆదివారం స్నేహితుల దినోత్సవం. ఆ రోజు సమీపించగానే గోదావరి డెల్టా పట్టణాల ఫ్యాన్సీ దుకాణాలలో రంగురంగుల ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు వేలాడుతాయి. తెల్లవారకముందే చరవాణులలో శుభాకాంక్షల వర్షం మొదలవుతుంది. పంపినవాడు రచించనిదీ, అందుకొన్నవానిని ఉద్దేశించనిదీ అయిన ఒకే వాక్యం వందమందికి చేరుతుంది. ఈ ఉత్సవంపై ఏటా ఒకే వివాదం. ‘ఇది పాశ్చాత్యం, కనుక త్యాజ్యం’ అని ఒక పక్షం; ‘సరదాగా చేసుకొంటే దోషమేమి?’ అని మరొక పక్షం. స్నేహమంటే ఏమిటన్న మూల ప్రశ్నను ఉభయులూ విస్మరిస్తున్నారు.

మొదటి పక్షం వాదన నిలువదు. ఈ దినోత్సవ చరిత్ర అమెరికాలోని శుభాకాంక్షల కార్డుల వ్యాపారంతో ముడిపడి ఉన్న మాట నిజమే. ఐక్యరాజ్యసమితి 2011లో జూలై 30ని అంతర్జాతీయ స్నేహ దినంగా ప్రకటించినా, భారతదేశంలో ఆగస్టు ఆదివారమే స్థిరపడింది. అయితే విదేశీయత్వమే దోషమైతే ధవళేశ్వరం ఆనకట్టను ఏమనాలి? 1852లో పూర్తయిన ఆ నిర్మాణానికి సూత్రధారి ఆర్థర్ కాటన్ అనే ఆంగ్లేయుడు. ఆ నీటితో పచ్చబడిన ఆత్రేయపురం సీమ ఆయనను నేటికీ కృతజ్ఞతతో స్మరిస్తుంది. ఒక ఆచారం ఎక్కడినుండి వచ్చిందన్నది కాదు, దేనిని పోషిస్తున్నదన్నదే విచారణీయం.

రెండవ పక్షానికి సమాధానం తర్కశాస్త్రంలో ఉన్నది. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఇరువది నాలుగు గుణాలను చెబుతూ స్నేహాన్ని కూడా లెక్కించాడు. విడివిడిగా ఉన్న పిండి రేణువులను ముద్దగా కలిపే గుణమే స్నేహమనీ, అది జలంలో ఉంటుందనీ ఆయన నిరూపణ. తెలుగులో స్నేహానికి ‘నెయ్యము’ అన్న పేరు కూడా ఈ ఆర్ద్రతనే స్మరింపజేస్తుంది.

ఈ లక్షణానికి ఆత్రేయపురం పూతరేకే ప్రత్యక్ష దృష్టాంతం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయికి మూలం బియ్యప్పిండి. పొడిగా ఉన్నప్పుడు ఊదితే చెదిరిపోయే ఆ పిండి, నీటితో కలిసి, మంటపై బోర్లించిన కుండ మీద గుడ్డతో పూయబడి, క్షణంలో రేకు అవుతుంది. ఆ ఎండు రేకును ఉన్నపళంగా మడిస్తే పగిలిపోతుంది. తడి తగిలి మెత్తబడి, నేతిని పీల్చుకొన్న తరువాతనే బెల్లాన్ని తనలో పొదువుకొని మడతలు పడుతుంది. కలిపే గుణం లోపలికి ఇంకవలసినదే గాని పైన అలంకరింపదగినది కాదు.

బ్యాండు చేసేది పై అలంకారమే. తరగతి గదిలో అది లెక్కల వస్తువు అవుతుంది: ఎవరి ముంజేతికి ఎన్ని? ఒక్కటీ లేని పిల్లవాడు ఆ రోజంతా చేతిని దాచుకొంటాడు. కలపవలసిన దినం విడదీసే దినమైనది. పెద్దల సంగతి ఇంతకన్న దారుణం. మిత్రుడు మద్యానికో, పందేలకో, అప్పులకో బానిసవుతున్నప్పుడు అతనికి దారం కట్టిన చేతులలో ఎన్ని అతనిని ఆపుతున్నాయి?

ఆ రోజు శుభాకాంక్షలలో కర్ణ దుర్యోధనుల మైత్రిని ఆదర్శంగా కీర్తించేవారున్నారు. కర్ణుని కృతజ్ఞత గొప్పదే. కాని ద్రౌపదిని సభకు ఈడ్చిన నాడు అతడు మిత్రుని వారించలేదు; పైగా ప్రోత్సహించాడు. హితం చెప్పిన విదురుడు అప్రియుడైనాడు, మౌనంగానైనా ఉండక వంత పాడినవాడు ప్రాణమిత్రుడైనాడు. ఆ మైత్రి మిత్రుని కాపాడలేదు, వంశాన్నీ నిలపలేదు.

గీత ఆరవ అధ్యాయం తొమ్మిదవ శ్లోకంలో భగవానుడు సుహృత్తును, మిత్రుని వేర్వేరుగా పేర్కొన్నాడు. శంకర భగవత్పాదుల భాష్యం ప్రకారం మిత్రుడు ప్రీతి గలవాడు. సుహృత్తు ప్రత్యుపకారాన్ని ఆశించక ఉపకరించేవాడు. ఐదవ అధ్యాయం చివర సర్వభూతాలకూ సుహృత్తుగా పరమాత్మ తనను తాను చెప్పుకొన్నాడు. నవవిధ భక్తులలో ఎనిమిదవదైన సఖ్యం ఈ సౌహార్దాన్ని అందుకొనే ప్రయత్నమే. కుచేలుడు ద్వారకకు వెళ్లినది ఏ ఉత్సవ దినానా కాదు. తెచ్చిన అటుకులను చూపడానికి సిగ్గుపడ్డాడు, యాచించడానికి నోరు రాలేదు. అడగకుండానే కృష్ణుడు గ్రహించాడు.

‘అట్లయితే స్నేహానికి ఒక రోజేమిటి, సంవత్సరమంతా స్నేహమే’ అని తప్పుకోవడం కూడా వంచనే. నిత్యమూ చేయవలసినదాన్ని నైమిత్తికంగా గుర్తు చేయడానికే వ్రతాలున్నాయి. అయితే వ్రతానికి నియమం ఉండాలి. ఆత్రేయపురం మండలంలోనే ఉన్న వాడపల్లి వేంకటేశ్వరస్వామి సన్నిధికి భక్తులు ఏడు శనివారాలు వరుసగా వచ్చి ప్రదక్షిణలు చేస్తారు. ఎండ అని, వాన అని మానరు. శనివారం అంతటి దీక్షను ఎరిగిన సీమకు మరునాటి ఆదివారం ఒక్క దారంతో తృప్తి ఎలా కలుగుతుంది?

ఆ ఆదివారాన్ని ఆచరించదలచినవారు వ్రతంగానే ఆచరించాలి. మాట లేని మిత్రుని గడప తొక్కాలి. చెప్పడానికి భయపడుతున్న హితాన్ని ఏకాంతంలో మృదువుగా చెప్పాలి. ఎవరి చేతికీ చేరని ఆ పిల్లవాని ప్రక్కన కూర్చోవాలి. ఈ మూడింటిలో ఒక్కటీ చేయని చేతికి ఎన్ని దారాలు కట్టినా అది పొడిపిండే. గాలి వీచేవరకే కుప్పగా ఉంటుంది.