పొయ్యిలో పెట్టరాని కట్టె

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాలిఫోర్నియా తూర్పు అంచున ఓవెన్స్ లోయ కలదు. పసిఫిక్ సముద్రము మీదినుండి వచ్చు మేఘములను పడమటనున్న సియెర్రా నెవాడా పర్వతశ్రేణి అడ్డగించుటచేత, ఆ లోయలో సగటున ఏటికి 5, 6 అంగుళముల వాన మాత్రమే కురియును. నడివేసవిలో ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీటునకు చేరువగా నుండును. ఆ లోయలోని బిగ్ పైన్ అను చిన్న ఊరు సముద్రమట్టమునకు దాదాపు 4,000 అడుగుల ఎత్తున నున్నది. అచటినుండి తూర్పుగా బయలుదేరిన బాట వైట్ పర్వతములను ఎక్కును. 20 మైళ్లు నిండకముందే బాటసారి 8,600 అడుగుల ఎత్తునకు చేరి, పొట్టి పైన్ చెట్ల నడుమ గ్రాండ్‌వ్యూ అను గుడారముల విడిదిని చూచును.

అక్కడ నీరు లేదు, విద్యుద్దీపము లేదు, అంగడి లేదు. వచ్చినవారు త్రాగు నీటిని తామే తెచ్చుకొనవలెను. నీరు లేకపోవుట నిజముగా కష్టమే. దీపము లేకపోవుట మాత్రము భాగ్యము. రాత్రివేళ పాలపుంత ఆకాశమున ఈ కొననుండి ఆ కొనవరకు పరచుకొని కనబడును; దూరదర్శినులు గలవారు అక్కడికి చేరుట ఇందుకొరకే. ఎండకు ఉడికిన దేహమునకు ఆ కొండగాలి మొదట హాయిగొలుపును. ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికి ఆ హాయి వణకుగా మారును. నెగడు వేసికొనవలెనని అప్పుడు ఎవరికైనను తోచును.

ఆ కోరికలో తప్పు లేదు. చిక్కెల్లను కట్టెతోనే వచ్చుచున్నది. విడిదినుండి మరికొన్ని మైళ్లు పైకి పోయినచో 10,000 అడుగుల ఎత్తున షుల్మన్ వనము కలదు. అందున్నవి బ్రిసిల్‌కోన్ పైన్ వృక్షములు. హిమాలయములలోని సరళవృక్షమునకు ఇవి దూరపు బంధువులు. ఆ వనమున గుడారములు వేయరాదు గనుక యాత్రికులు క్రింద బస చేసి, పగటివేళ పైకి పోయి వత్తురు. వచ్చునప్పుడు ఎండిన కొమ్మనైనను, చెక్క పేడునైనను తీసికొని రారాదని అటవీశాఖవారి శాసనము. పచ్చని చెట్టును నరకవద్దనుటలో అర్థమున్నదిగాని, నేలబడిన మొద్దును ముట్టవద్దనుట వట్టి చాదస్తమని గొణిగెడివారు లేకపోలేదు. ఎండుకట్టెలు ఏరుకొనువానిని ఏ పల్లెలోనైనను దొంగ యనరు గదా యని వారి వాదము.

ఈ వాదము ఇతరారణ్యములకు కొంతవరకు చెల్లవచ్చును. అక్కడ కూలిన మాను కొలది కాలములోనే చెదలు తిని, బూజుపట్టి, మన్నైపోవును. ఈ కొండమీద అట్లు కాదు. తెల్లని సున్నపురాతి నేల. ఏటికి 12 అంగుళముల తేమ, అదియు చాలవరకు మంచు రూపమున. పెరుగుటకు ఏటికి కొన్ని వారములే గడువు. అందుచేత చెట్టు ఒక్క అంగుళము లావెక్కుటకు ఒక్కొక్కప్పుడు నూరేండ్లు పట్టును. అట్లు పెరిగిన మ్రాను గట్టిపడి, బంకతో నిండి, పురుగునకు గాని బూజునకు గాని లొంగకుండును. చచ్చిన తరువాత కూడ కుళ్లదు. గాలికి, ఇసుకకు, మంచునకు బండరాయివలె అరుగుచు వేలయేండ్లు నిలుచును.

1957లో ఎడ్మండ్ షుల్మన్ అను శాస్త్రజ్ఞుడు ఈ వనమున ఒక చెట్టు వలయములను లెక్కించి, దాని వయస్సు 4,000 సంవత్సరములను ఎంతో మించినదని కనుగొనెను. బైబిలులోని దీర్ఘాయుష్మంతుని పేర దానికి మెథూసెలా అని పేరు కలిగినది. గిజా పిరమిడ్లు కట్టకముందే అది మొలకెత్తినది. లోకము దీనికే అబ్బురపడినది. కాని అంతకంటె విలువైన సంగతి చచ్చిన మొద్దులలో నున్నది.

కరవు నాటి వలయము సన్నముగను, వాన కలిగిన యేటి వలయము వెడల్పుగను ఉండును. ఒకే కొండమీది చెట్లన్నింటను ఈ వరుస దాదాపు ఒక్కటియే. బ్రతికియున్న చెట్టు లోపలి వలయములు, ఏనాడో పడిన మొద్దు వెలుపలి వలయములతో సరిపోలినచో, లెక్క ఆ మొద్దు పుట్టిన నాటివరకు వెనుకకు పోవును. ఇట్లు ఒకదానికొకటి ముడివేసి ఫెర్గూసన్ అను పండితుడు 1969లో 7,104 సంవత్సరముల వరుసను ప్రకటించెను. ఈ కట్టెలతో సరిచూడగా, ప్రాచీన వస్తువులకు రేడియో కార్బన్ పద్ధతి చెప్పుచుండిన వయస్సు కొన్ని శతాబ్దములు తక్కువయని తేలినది. పశ్చిమ ఐరోపాలోని రాతి సమాధులు కొన్ని పిరమిడ్లకంటె పాతవని అందువలన బయటపడినది. పాఠ్యగ్రంథములు దిద్దుకొనవలసి వచ్చినది. ఇట్టి లెక్కలో ఎక్కడనో లోపించిన నూరేండ్లు, ఒకడు చలి కాచుకొనుటకు విరిచిన కట్టెలోనే ఉండవచ్చును.

శాస్త్రజ్ఞులు మాత్రము నరకలేదా యని అడుగువారున్నారు. నరికిరి. నెవాడా రాష్ట్రమున వీలర్ శిఖరము క్రింద 1964లో ఒక పరిశోధక విద్యార్థి, అధికారుల అనుమతితోనే, ఇదే జాతి వృక్షము నొకదానిని కూల్పించెను. పిదప లెక్కింపగా 4,862 వలయములు కనబడెను. అంతటి వయస్సుగల వృక్షము నాటికి లోకమున తెలియదు. సన్నని తొలిచెడి పనిముట్టుతో పెన్సిలంత ముక్కను తీసి, చెట్టు చావకుండ లెక్కించు విధము అప్పటికే కలదు గనుక ఆ తప్పు మరింత పెద్దది. ఐనను, ఒకరు పొరపాటున చేసిన దానిని చూపి మరియొకరు నెగడు వేయుట న్యాయము కానేరదు.

మెథూసెలా ఏ చెట్టో అటవీశాఖవారు చెప్పరు. 4 మైళ్లకు మించిన కాలిబాట ఆ వృక్షమున్న తోపుగుండనే పోవును గాని, దానికి పేరుపలక లేదు. ఇంత దూరము వచ్చియు చూడలేకపోతిమని కొందరు నొచ్చుకొందురు. పలకయే ఉన్నచో ఆ ఒక్క చెట్టువద్ద మూగి, తక్కినవానిని చూడక మరలిపోవుదురు. బెరడు తునక కొరకు చేయి చాచువాడును అందులో ఒకడుండును. ఇప్పుడో, అదియో ఇదియో తెలియక ప్రతి చెట్టువద్దను కొంతసేపు నిలుతురు.

సాయంకాలము వారు మరల విడిదికి దిగివత్తురు. వెంట తెచ్చిన చిన్న గ్యాసుపొయ్యిమీద నీరు కాగును. ఉన్ని దుప్పట్లు కప్పుకొని బయట కూర్చుండినవారికి, చీకటి పడిన కొలదిసేపటికే, తలపైన పాలపుంత కనబడును.