పగిలింది బిందె, పడింది కోడలి మీద

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడపిల్లకు సారెతోపాటు ఇత్తడి బిందెలు, గంగాళాలు పంపడం పాత ఆచారం. అటక మీది బిందె ఎవరూ ముట్టకుండానే ఒకరోజు అంచు దగ్గర నిలువునా చీలిందంటే ఇంట్లోవాళ్లకు రెండే కారణాలు తోస్తాయి: దిష్టి, కాకపోతే కోడలొచ్చిన వేళ. నరుడి కంటికి నాపరాళ్లైనా పగులుతాయన్న సామెత సిద్ధంగానే ఉంటుంది. ఉప్పూ ఎండుమిర్చీ తిప్పి నిప్పుల్లో వేస్తారు. బిందె పాతసామాన్ల వాడికి పోతుంది. కోడలి మీద పడ్డ మాట పోదు.

ఈ పగులు మర్మం వందేళ్ల కిందటే తేలింది. దాని ఆనవాలు దొరికిందీ మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో నిల్వ పెట్టిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో, పేల్చకుండానే చీలేవి. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు 1921లో కారణం వివరించారు. రేకును వేడి చేయకుండా లాగి, నొక్కి ఆకారం తెస్తే లోపల బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాకు వానాకాలపు చెమ్మ తోడైతే ఆ బిగువే పగులవుతుంది. సుమారు 300 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచితే బిగువు సడలుతుంది, పగులు బెడద తప్పుతుంది.

మనకు గుర్రపుశాలలు లేకున్నా పశువులశాలలున్నాయి. వాటి పక్క గదిలోని బిందెకూ అదే గాలి తగులుతుంది. మైల పోవాలని గోమూత్రం చల్లి కడిగేస్తే బిందెకేమీ కాదు కానీ, నిల్వ ఉన్న ఏ మూత్రమైనా వదిలేది అమ్మోనియానే. ఇత్తడికి ఆవూ గుర్రమూ తేడా తెలియదు.

ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు పొందిన బుడితి ఈ శ్రీకాకుళం జిల్లాదే. రేకు సాగగొట్టే ఏ కంచరికైనా తెలిసిందే ఇది: దెబ్బ పడేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది, మళ్లీ కొలిమిలో కాల్చి మెత్తబరచాలి. ఎన్ని దెబ్బలకోసారి? దానికి అంకె లేదు. రేకు మందాన్ని బట్టి, అది ఎంత సాగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. విదేశాల్లో కాల్చిన తూటా గొట్టాల్ని మళ్లీ నింపుకునే షూటర్లదీ ఇదే తగువు. గొట్టం మెడను ప్రతిసారీ కాల్చి మెత్తబరచాలని కొందరు, నాలుగైదుసార్లకోసారి చాలని కొందరు. కారణం అడగని అంకె కూడా మూఢనమ్మకమే. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే లోహం గట్టిపడుతుందన్న నమ్మకమూ అలాంటిదే. కొడవలి ఉక్కుకు అది నిజం. ఇత్తడి మాత్రం నీళ్లలో ముంచినా, ఊరికే వదిలినా మెత్తగానే ఉంటుంది.

దిష్టినీ ఇలాగే పరీక్షకు పెట్టవచ్చు. ఒకే రేకుతో, కాల్చకుండా నొక్కి చేసిన రెండు చెంబులు తీసుకుని, ఒకదాన్ని వేడిలో ఉంచి బిగువు సడలించి, రెంటినీ అమ్మోనియా ఆవిరిలో పెట్టండి. బిగువున్నది చీలుతుంది, సడలినది నిలుస్తుంది. చూసే కళ్లు మాత్రం రెంటికీ ఒకటే. వేడి తగలగానే చేతగాకుండా పోయే దిష్టిని నమ్మి, ఇంటికొచ్చిన పిల్లను ఎందుకు నిందించాలి?