వెళ్లిరావడమే యాత్ర



గ్రీష్మం ముగిసి తొలకరి మేఘాలు గోదావరీమండలాన్ని తాకే దినాలలో మా ప్రాంతపు ఆలయాలకు ఒక నూతన యాత్రికవర్గం వస్తున్నది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురాల నుండి నలుగురైదుగురు యువకులు జట్టుగా మోటారుసైకిళ్లపై లద్దాఖ్ వరకు వెళ్లివస్తామంటారు. కొందరు దారిలో రాజస్థాన మరుభూమిని కూడా చూస్తామంటారు. వాహనానికి పసుపుకుంకుమలు అలంకరించి, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచి పూజ చేయించుకుంటారు. ఉత్తరదిక్కుకు మంగళ, బుధవారాలు వారశూల గనుక వేరొక దినం చూడమంటారు.

ఈ ఆచారమంతా యుక్తమే. అయితే ముహూర్తం బయలుదేరే ఘడియకు సంబంధించినది. ఆ తరువాతి పదిహేను ఇరవై దినాల విచారణ యాత్రికుడే చేయాలి. పూజ అతని బాధ్యతను తగ్గించదు. ఆ విచారణకు మన సంప్రదాయంలో సంకల్పమనే పేరు ఉన్నదని నా అభిప్రాయం.

నిత్యపూజలో సంకల్పం ఎలా చెబుతామో స్మరించండి. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఈశాన్యాన, గోదావరీతీరాన ఉన్నామని దేశాన్ని పలుకుతాం. సంవత్సర, అయన, ఋతు, మాస, పక్ష, తిథులతో కాలాన్ని పలుకుతాం. ఆ తరువాతనే చేయబోయే కర్మను చెబుతాం. తానెక్కడ ఉన్నాడో, ఏ కాలంలో ఉన్నాడో ఎరుగనివాడు కర్మకు పూనుకోరాదని దీని తాత్పర్యం. గృహంలో కూర్చుని చేసే పూజకే ఇంత నియమముంటే, వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఎంత ఉండాలి?

మొదట కాలాన్ని విచారిద్దాం. మనాలి నుండి లేహ్ వెళ్లే మార్గం హిమపాతం వలన సంవత్సరంలో సుమారు సగం కాలం మూసి ఉంటుంది. సాధారణంగా జ్యేష్ఠమాస ప్రాంతంలో తెరచుకుని, ఆశ్వయుజ కార్తికాలకు మూతపడుతుంది. మరుభూమికి అనుకూలమైనది కార్తికం నుండి మాఘం వరకు గల శీతకాలం. జ్యేష్ఠంలో జైసల్మేరు ప్రాంతంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. అందుచేత ఈ రెండింటినీ ఒకే యాత్రలో కలపడం ఋతుధర్మానికి విరుద్ధం. వాటిని రెండు యాత్రలుగా చేసుకోవడం మేలు. ఇసుకను చూడాలనే కోరిక బలంగా ఉంటే, అది హిమాలయానికి ఆవలనే ఉన్నది.

మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ఉత్తరదిశగా నడచి, హిమవంతాన్ని దాటి, ఆవల వాలుకార్ణవాన్ని, అనగా ఇసుకసముద్రాన్ని చూసి, పిదప మేరువును దర్శించారని వ్యాసభగవానుడు చెప్పాడు. లేహ్ నుండి ఖర్దుంగ్ లా కనుమ దాటి నుబ్రా లోయలోకి దిగిన యాత్రికునికి, హుందర్ గ్రామం వద్ద మంచుకొండల నడుమ ఇసుకతిన్నెలు కనబడినప్పుడు ఆ ఘట్టం మనసులో మెదలక మానదు.

కానీ ఆ ప్రయాణం మరలిరాని ప్రయాణం. ద్రౌపది మొదలుగా ఒక్కొక్కరు పడిపోతున్నా ధర్మజుడు వెనుదిరిగి చూడలేదు. సర్వం త్యజించినవానికి ఆ నియమం చెల్లింది. తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు ఎదురుచూసే గృహస్థునికి అది చెల్లదు. అతనికి ఆదర్శం ఆరణ్యపర్వంలోని తీర్థయాత్ర. అక్కడ రోమశమహర్షి ధర్మజునితో పరివారాన్ని తగ్గించుకుని తేలికగా బయలుదేరమంటాడు. ఆకలిదప్పులు, మార్గశ్రమ, చలి ఓర్వలేనివారిని ధర్మజుడు ముందే వెనుకకు పంపుతాడు. గంధమాదన మార్గంలో ద్రౌపది సొమ్మసిల్లినప్పుడు ఎవరూ ఆమెను వదలి ముందుకు సాగలేదు. భీముడు స్మరించగా ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోశాడు. మన రాజమహేంద్రవరంలో నన్నయభట్టారకుడు తెనిగించనారంభించిన భారతమే ఈ ఇతిహాసం. దీనిని మన యువకులు యాత్రకు ముందు ఒకసారి చదివితే చాలా పాఠాలు లభిస్తాయి.

ఇక దేశం, శరీరం. కోనసీమ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో మాత్రమే ఉన్నది. లేహ్ నగరం ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అనగా దాదాపు కేదారక్షేత్రమంత. అక్కడ శ్వాసకు లభించే ప్రాణవాయువు మన తీరంలో లభించేదానిలో మూడింట రెండు వంతులు. 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా వద్ద అది సగమే. తలనొప్పి, వాంతి, నిద్రలేమి తొలి సూచనలు. ఆ స్థితిలో మరింత పైకి పోరాదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నడక తడబడడం, మాట తికమకపడడం ప్రాణాపాయ సూచనలు. వెంటనే క్రిందికి దిగి వైద్యుని చేరాలి.

ఇక్కడ సాధకులకు ఒక మాట చెప్పక తప్పదు. ప్రాణాయామ అభ్యాసం ఉన్నవారిని ఎత్తు ఏమీ చేయలేదని కొందరు ధైర్యంగా చెబుతున్నారు. ఇది ప్రమాదకరమైన వాక్యం. వయసు, వ్యాయామబలం ఎంత ఉన్నా ఈ వ్యాధి రావచ్చు. సాధన దేహధర్మాన్ని రద్దు చేయదు. అలాగే ఆ ఎత్తులో ఏకాదశీ ఉపవాసమని నీరు మానరాదు. మార్గస్థునికి, రోగికి శాస్త్రమే నియమాలలో సడలింపు ఇచ్చింది.

దీనికి ఔషధం కాలమే. లేహ్ చేరిన పిదప కనీసం రెండు పూర్తి దినాలు విశ్రమించాలి. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. అందుకే శ్రీనగరం, కార్గిల్ మీదుగా క్రమంగా ఎక్కి, మనాలి మీదుగా దిగడం ఉత్తమం. మంచు కరగి పారే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి గనుక ప్రాతఃకాలంలోనే వాటిని దాటాలి. మన పెద్దలు చెప్పిన బ్రాహ్మీముహూర్త జాగరణ అక్కడ ప్రాణరక్షణమవుతుంది.

అయితే సెలవు పది దినాలే ఉంటుంది. అప్పుడు అందరూ మొదట కొట్టివేసేది విశ్రాంతిదినాలనే. నాకు కలిగే ఆందోళన ఇదే. సెలవు తక్కువైతే దూరాన్ని తగ్గించాలి. వాహనాన్ని ఇంధనం ఖాళీచేసి రైలులో పార్సిలుగా ఢిల్లీకి పంపవచ్చు. ఒక లోయను విడిచిపెట్టవచ్చు. ఇంటి గుమ్మం నుండే నడిపామనే కీర్తి కోసం, అలసిన దేహంతో కనుమలు ఎక్కడం వివేకం కాదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, బుద్ధిని సారథి అని చెప్పింది. నిద్ర చాలని సారథి చేతిలో పగ్గాలు నిలుస్తాయా?

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనే కాలంలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీయాత్ర ముగించి, 1831 సెప్టెంబరు 3న క్షేమంగా ఇల్లు చేరారు. మజిలీలు, మార్గాల తీరు, దొరికే వస్తువులు ఆయన దినదినమూ వ్రాసుకున్నారు. ఆ గ్రంథం నేటికీ మనకు లభ్యం. భక్తికి, జాగ్రత్తకు వైరం లేదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కనుక నా సూచన ఒక్కటే. వాహనపూజనాడు, తల్లిదండ్రుల సమక్షంలో, జట్టువారంతా సంకల్పంతోపాటు ఈ మాట కూడా పలకాలి: మాలో ఎవరికి అస్వస్థత కలిగినా అందరమూ వెనుదిరుగుతాము, అందుకు ఎవరినీ నిందించము. కనుమ దగ్గర, మిత్రుల ఎదుట, వెనుదిరుగుదామని చెప్పడం అభిమానవంతునికి కష్టం. ముందే దైవసన్నిధిలో పలికి ఉంటే ఆ మాట సులభమవుతుంది. అర్చకసోదరులు కూడా ముహూర్తంతోపాటు విశ్రాంతిదినాలు ఎన్ని ఉంచుకున్నారని అడగాలని ప్రార్థన.

తెలుగువాడు గుమ్మం దాటేటప్పుడు వెళ్తానని అనడు, వెళ్లివస్తానంటాడు. ఆ రెండవ క్రియకు కూడా ప్రణాళిక వేసుకున్న యాత్రకే సంపూర్ణ ఆశీర్వచనం.

స్వస్తి.