కందిరీగ నేర్చిన పాఠము

అరటిపండ్లు మిక్కిలి మాగి పులిసినచో వానిపై సన్నని యీగలు మూగుట మన మెఱిగినదే. ఆ గుజ్జులోనే యవి గ్రుడ్లు పెట్టును. పురుగులు నందే పెరుగును.

ఆ పురుగులకు శత్రు వొకటి కలదు. అది చీమంతటి కందిరీగ; శాస్త్రజ్ఞులు దానిని లెప్టోపిలినా హెటెరోటోమా యందురు. ఆడుది తన సన్నని సూదితో పురుగు దేహమున గ్రుడ్డు నుంచును. పిల్ల యా పురుగును లోలోపలనే తినివేయును. తుదకు ఈగ రావలసిన గూటినుండి కందిరీగ వెలువడును.

దానికి దారి చెప్పుటకు తల్లి చెంత నుండదు. పురుగులు పులిసిన పండ్లలో నుండవచ్చును, కుళ్లిన పుట్టగొడుగులలో నుండవచ్చును. వాని జాడ దొరకనిచో దానికి సంతానమే లేదు.

డేనియల్ పాపాజ్ అను శాస్త్రజ్ఞుడును, లూయీస్ వెట్ అను విదుషీమణియు దీనిని పరీక్షించి 1990లో ప్రకటించిరి. కొన్ని కందిరీగలకు పులిసిన ఆపిలు గుజ్జులోను, కొన్నింటికి పుట్టగొడుగులలోను పురుగులను చూపి, పిదప ఆరుబయట విడిచిరి. అనుభవము లేనివానికంటె నివి శీఘ్రముగా పురుగుల తావు చేరినవి. తా మెఱిగిన వాసనవైపే మొగ్గినవి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదందురు. కాని యీ యల్పప్రాణి రెక్కలు వచ్చిన పిదపనే పాఠము నేర్చుచున్నది. “ఈ వయసున నాకింక నేమి వచ్చును?” అని నిరాశపడు సోదరి కనబడినచో, మే మీ కందిరీగ కథనే చెప్పుదుము.