అప్పు తీరింది, ఋణం తీరలేదు

"ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య" అన్నారు మనవాళ్ళు. ఈ మల్లయ్య మన గోదావరి ఒడ్డున మాత్రమే ఉంటాడనుకోకండి. అమెరికా స్వాతంత్ర్య చరిత్ర తిరగేస్తే అక్కడా కనిపిస్తాడు, చిరిగిన కోటుతో, చేతిలో ఒక కాగితంతో. ఈ వారం ఆ కాగితం కథ చెప్పుకుందాం.

1775 ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లో తుపాకులు పేలాయి. 1776 జూలై 4న పదమూడు వలసలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ప్రకటించటానికి కలం చాలు. నిలబెట్టుకోవటానికి సైన్యం కావాలి. సైన్యానికి జీతం కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. పదమూడు రాష్ట్రాలకూ పెద్దదిక్కుగా ఏర్పడిన కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం లేదు. లండన్‌లో కూర్చున్న పార్లమెంటు పన్ను వేసిందనే కదా పోట్లాట! అటువంటప్పుడు ఇంకొక పన్నుల సర్కారును నెత్తికెత్తుకోవటానికి ఎవరు ఒప్పుకుంటారు? కాంగ్రెసు రాష్ట్రాలను అడగాలి. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

అందుచేత కాంగ్రెసు నోట్లు అచ్చువేసింది. అచ్చువేసినకొద్దీ వాటి విలువ పడిపోయింది. పనికిమాలిన వస్తువును కాంగ్రెసు నోటుతో పోల్చటం ఆ దేశంలో ఒక జాతీయమే అయిపోయింది. 1777-78 శీతకాలంలో వ్యాలీ ఫోర్జ్ విడిదిలో సుమారు 2,000 మంది సిపాయిలు శత్రువు గుండు తగలకుండానే జబ్బులతో పోయారు. 1781 జనవరిలో పెన్సిల్వేనియా దళాలు జీతాలకోసం తిరగబడ్డాయి. ఆ నెలలోనే న్యూజెర్సీ దళం కూడా తిరగబడితే వాషింగ్టన్ ఇద్దరు నాయకులను కాల్పించాడు.

అయినా ఆ సైన్యమే అదే సంవత్సరం అక్టోబరు 19న, ఫ్రెంచివారి తోడుతో, యార్క్‌టౌన్ దగ్గర కారన్‌వాలిస్ సేనను లొంగదీసింది. ఆ దొర పేరు మనకు కొత్తది కాదు. తరువాత హిందూదేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి నెలకొల్పినవాడు అతడే. 1802 మొదలుకొని ఆ పద్ధతి మన ఉత్తర సర్కారులకూ వచ్చింది.

1783లో సంధి జరిగింది. సిపాయిలను ఇళ్ళకు పంపారు. జీతం బాకీకి రొక్కం ఇవ్వలేదు. ఫలానావాడికి ఇంత బాకీ అని రాసిన రుణపత్రాలు చేతుల్లో పెట్టారు. పొలం బీడుపడి, ఇంట్లో పిల్లలు ఆకలితో ఎదురుచూస్తూంటే ఆ కాగితం నంజుకు తింటారా? వచ్చినకాడికి అమ్ముకున్నారు. ముఖవిలువలో ఏ కొద్దిభాగమో ముట్టజెప్పి వ్యాపారులు ఆ పత్రాలను పోగుచేసుకున్నారు.

మసాచుసెట్స్‌లో కథ మరీ విపరీతమైంది. ఆ రాష్ట్రం తన యుద్ధపు బాకీ తీర్చటానికి రైతులమీద భారీగా పన్నులు వేసింది. తన కాగితాన్ని కారుచౌకగా అమ్ముకున్న సిపాయే, దాన్ని కొన్న షావుకారుకు వడ్డీ చెల్లించటంకోసం పన్ను కట్టాలన్నమాట! కట్టలేకపోతే పశువులు, పొలమూ వేలం, అప్పుపడితే ఖైదు. 1786 ఆగస్టులో రైతులు గుమిగూడి న్యాయస్థానాలను మూయించారు. వారి నాయకులలో డేనియల్ షేస్ ఒకడు. స్వాతంత్ర్య సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. లఫయెత్ బహూకరించిన కత్తిని గతిలేక అమ్ముకున్నాడని చెబుతారు.

1787 జనవరి 25న ఆ రైతులు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి నడిచారు. ఫిరంగి పేలింది, నలుగురు చనిపోయారు. మిగిలినవారిని మంచులో తరిమినది బాస్టన్ వర్తకుల చందాలతో నడిచిన దండు. దాని సేనాని బెంజమిన్ లింకన్. యార్క్‌టౌన్‌లో ఇంగ్లీషువారి ఓటమి కత్తిని అందుకున్నది ఆ చేయే!

ఈ అలజడి పెద్దలను భయపెట్టింది. 1787 మే నుంచి సెప్టెంబరుదాకా ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. పన్ను వేసే అధికారం కేంద్రానికి వచ్చింది. 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ అధ్యక్షుడుగా ప్రమాణం చేశాడు. ఇక పాత బాకీల మాట.

ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1790లో, పత్రం ఎవరి చేతిలో ఉంటే వారికే పూర్తి విలువ చెల్లించాలన్నాడు. జేమ్స్ మాడిసన్ లేచి, కొన్నవాడికి బజారు ధరలో హెచ్చుది ఇద్దాం, మిగిలినది మొదట సంపాదించుకున్నవాడికి ఇద్దాం అన్నాడు. వాదం సాగింది. ఫిబ్రవరి 22న మాడిసన్ సవరణ 13 ఓట్లకు 36 ఓట్లతో వీగిపోయింది. కాదన్న సభ్యులలో కొందరి పెట్టెల్లోనూ ఆ కాగితాలున్నాయి.

హామిల్టన్ మాటలో న్యాయం లేదని కొట్టిపారెయ్యలేం. చేతులు మారిన పత్రాన్ని సర్కారే చెల్లదంటే రేపు ఎవరు అప్పిస్తారు? కొన్నవాడు కూడా మునుగుతుందో తేలుతుందో తెలియని పడవలోనే డబ్బు పెట్టాడు. పూర్తిగా చెల్లించబట్టే కొత్త రాజ్యం పరపతి నిలబడింది. పద్దు సరిపోయింది.

కాని మన భాషలో "అప్పు" వేరు, "ఋణం" వేరు. అప్పు కాగితంమీద ఉంటుంది; కాగితంతోపాటు చేతులు మారుతుంది. ఋణం మనిషికి పడేది. "మీ ఋణం తీర్చుకోలేను" అంటాంగాని, "మీ అప్పు తీర్చుకోలేను" అని చేతులు జోడించం గదా! హామిల్టన్ అప్పు తీర్చాడు. మంచులో నిలబడ్డవాడి ఋణం అలాగే ఉండిపోయింది.

దాని సంగతి కాంగ్రెసుకు జ్ఞాపకం వచ్చింది 1818లో. నిరుపేదలైన పాత సిపాయిలకు నెలకు 8 డాలర్ల పెన్షను ఇస్తామన్నది. నిరుపేద అయితేనే సుమండీ! కనెక్టికట్ నుంచి పదిహేనో ఏట సైన్యంలో చేరిన జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ ఆ పెన్షనుకు దరఖాస్తు పెట్టుకున్నవారిలో ఒకడు. యుద్ధం తరువాత అతను మెయిన్ ప్రాంతంలో సాగుచేసుకున్న నేల తనదేనని దావా తెచ్చి గెలిచినవాడు హెన్రీ నాక్స్, అదే యుద్ధంలో ఫిరంగిదళాల సేనాపతి, తొలి యుద్ధమంత్రి. సొమ్ము కట్టలేక మార్టిన్ ఆ నేల పోగొట్టుకున్నాడు. 1830లో తన యుద్ధజ్ఞాపకాలను పుస్తకంగా వేశాడు. దానిమీద పేరైనా వేసుకోలేదు.

మల్లయ్యకు ఆఖరికి ఏదో ముట్టింది. కాని బాకీగా ఇవ్వవలసినది, ముప్ఫై అయిదేళ్ళు ఆగి, బీదరికం రుజువు చేయించుకుని మరీ దానంగా ఇచ్చారు. ఆలస్యంకంటె ఆ మాట మారటమే ఎక్కువ నొప్పించి ఉంటుంది.